ఊరివాడి సొత్తు ఊరివాడు పాడడు

సంతకు బయల్దేరేటప్పుడు మా నాన్న జేబులో డబ్బు ఉండేది కాదు. డబ్బంతా పెదనాన్న మొలలో, గుడ్డసంచిలో ఉండేది. ఎద్దును చూసేది నాన్న, డబ్బు తీసేది పెదనాన్న. జేబుదొంగల భయం ఉన్నమాట నిజమే గానీ, అసలు కారణం అది కాదనేవాడు నాన్న. చేతిలో డబ్బున్నవాడికి ఎద్దు మీద మనసు పడితే దాని లోపాలు కనపడవట. డబ్బు అన్నయ్య దగ్గరుంటే అడిగి తీసుకోవాలి, అడిగేలోపు ఇంకోసారి చూస్తాం కదా అనేవాడు.

మాది తెనాలి పక్క పల్లెటూరు. కృష్ణా కాలవ కింద నల్లరేగడి మాగాణి. సార్వాకు, అంటే వానాకాలం పంటకు వరి, కోతకు ముందు ఆ వరిలోనే చల్లే మినుము, పెసర. మాగాణిలో దమ్ముకు, అంటే నాట్లకు ముందు బురద దున్నడానికి, దున్నపోతులు దిగేవి. బండికీ, మెట్ట సేద్యానికీ ఒంగోలు ఎడ్లు. నేను చెప్తున్నది 1980ల చివరి సంగతి. అప్పటికి మా ఊళ్ళో ట్రాక్టర్లు లేకపోలేదు. ఉన్న ఇళ్ళు తక్కువ, అద్దెకు పిలిచే ఇళ్ళు ఎక్కువ. ఇంటి ముందు ఎడ్లజత లేని రైతుకు పిల్లనివ్వడానికి ఇంకా ఆలోచించే రోజులవి.

సంత అంటే మాకు చిలకలూరిపేట సంత. చీకటితోనే అక్కడికి చేరాలని నాన్న పట్టు. ఎండ ఎక్కేసరికి పశువు అలిసిపోతుంది, అలిసిన పశువు నెమ్మదిగానే ఉంటుంది, దాని అసలు గుణం తెలియదు. సంతలోకి అడుగుపెట్టగానే పేడ వాసన, మట్టి, బేరగాళ్ళ కేకలు, మెడగంటల చప్పుడు. దారి దగ్గర ఆశీలు, అంటే సంత రుసుము, వసూలు చేసే మనుషులు రసీదు పుస్తకాలు పట్టుకుని నిలబడేవాళ్ళు. ఆ ఆశీలు వసూలు చేసుకునే హక్కు కూడా వేలంపాటలో దక్కించుకున్నదే. ఎవరు ఎక్కువ పాడితే వాళ్ళదే ఆ ఏడాదికి.

నాన్న ముందుగా పళ్ళు చూసేవాడు కాదు. అందరూ నోరు తెరిపిస్తుంటే ఆయన మాత్రం దూరంగా నిలబడి, "ఓసారి నడిపించవయ్యా" అనేవాడు. వెనక గిట్ట ముందు గిట్ట పడ్డ చోటే పడుతోందా, మెడ ఒక పక్కకు లాగుతోందా, జనం మధ్యలోంచి పోతుంటే చెవులు ఎలా పెడుతోంది, ఇవన్నీ చూసుకుని అప్పుడు దగ్గరికెళ్ళేవాడు. మూపురం మీద చెయ్యేసి, గంగడోలు నిమిరి, కాడి పడే చోట మెడ మీద వేళ్ళతో నొక్కి చూసేవాడు. అక్కడ వెంట్రుక రంగు మారి ఉంటే పాత పుండు ఉన్నట్టు. పళ్ళ పరీక్ష ఆఖరున. రెండు పళ్ళేసిన కోడె అంటే రెండున్నర, మూడేళ్ళ మధ్యది. ఆరు పళ్ళంటే నాలుగేళ్ళకు అటూఇటూ. ఎనిమిది పళ్ళూ వచ్చి నోరు కలిశాక ఇక అరుగుదలను బట్టి చెప్పాల్సిందే, అక్కడే బేరగాడి మాటకు బలం వస్తుంది. నాన్న ఆ మాట వినేవాడు గానీ, చూపు మాత్రం పళ్ళ మీద నుంచి తిప్పేవాడు కాదు.

జత కుదరడం ఇంకో ఎత్తు. వలపట, అంటే కాడికి కుడి పక్క, కట్టడానికి అలవాటైన ఎద్దును దాపట, అంటే ఎడమ పక్క, కడితే అది కాడి కింద తికమక పడుతుంది. రెండూ వలపటివే అయితే ఎంత మంచి ఎడ్లయినా జత కాదు. అందుకే ఇంటి దగ్గర ఒక ఎద్దు మిగిలిపోయినప్పుడు దానికి తోడు వెతకడం, కొత్త జత కొనడం కంటే కష్టంగా ఉండేది. రంగు కలవాలి, ఎత్తు కలవాలి, నడక కలవాలి, పక్క కలవాలి. ఇవన్నీ కలిసినా బండికి కట్టి, మనుషుల్ని ఎక్కించి, మెరక మీదికి లాగించి చూస్తే గానీ నాన్న ఊఁ అనేవాడు కాదు. కాడి కింద పడుకునే ఎద్దు ఉంటుంది. చూడ్డానికి ఏనుగంత ఉంటుంది, బరువు తగలగానే మోకాళ్ళ మీద కూలబడుతుంది. అలాంటిదాన్ని అంటగట్టి పోయిన బేరగాడి ముఖం మళ్ళీ సంతలో కనపడదు.

బేరం మాత్రం మాటల్లో జరిగేది కాదు. తుండుగుడ్డ కింద చేతులు కలిపేవాళ్ళు. బేరగాడు నాన్న వేళ్ళు పట్టుకుని ధర చెప్పేవాడు, నాన్న అతని వేళ్ళలో కొన్ని ముడిచి ఇంతేనని చెప్పేవాడు. ఇద్దరి ముఖాల్లో ఏమీ కనపడేది కాదు. చుట్టూ మూగిన జనం తుండుగుడ్డ కదలిక చూసి ఊహించుకోవడమే. నాకు అప్పట్లో అది మాయలా ఉండేది. పెద్దయ్యాక దాని వెనక మర్యాద అర్థమైంది. అవసరానికి ఎద్దును అమ్ముకునేవాడు ఎంతకు దిగాడో పక్కవాడికి తెలియక్కర్లేదు. బేరం తెగకపోతే తుండు దులిపి భుజాన వేసుకుంటారు, ఎవరి పరువూ పోదు.

బేరం తెగితే బయానా, కాగితం, ఆ తర్వాత నడక. ఎడ్లను తోలుకుంటూ యడ్లపాడు మీదుగా గుంటూరు, అక్కడ ఎవరో తెలిసినవాళ్ళ చావిట్లో కాసేపు కునుకు, మళ్ళీ చల్లటి పూట నారాకోడూరు మీదుగా ఊరికి. నన్ను బస్సెక్కించి పంపేసేవాళ్ళు. ఆ నడక నాకు దక్కలేదని ఇప్పటికీ కొరతే.

సంతలో ధర దాచి చెప్తారు, పాటలో అరిచి చెప్తారు. ఈ తేడా నాకు మా ఊరి బందెలదొడ్డి దగ్గర తెలిసింది.

ఇప్పటి పిల్లలకు బందెలదొడ్డి అంటే చెప్పాలి. చేలో పడి మేసిన పశువును పట్టి కట్టేసే దొడ్డి అది. జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. 1871లో తెల్లదొరలు చేసిన పశువుల చట్టమే దానికి ఆధారం. వారంలోపు ఎవరూ రాకపోతే పోలీసుస్టేషనుకు తెలియజేయాలి, నోటీసు అంటించాలి, ఇంకో వారం చూడాలి, అప్పటికీ రాకపోతే బహిరంగంగా వేలం వేయాలి. దొడ్డి కాపలాదారుగానీ, సంబంధిత అధికారులుగానీ ఆ పశువును కొనుక్కోకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది. ఎంత ముందుచూపు! ఖర్చులు, జరిమానా పోగా మిగిలిన సొమ్ము పశువు యజమానికే ఇవ్వాలి.

ఒకసారి ఒక పడ్డ, అంటే ఇంకా ఈనని గేదె, పాటకు వచ్చింది. అది ఎవరిదో ఊరందరికీ తెలుసు. మొగుడు పోయి, కూలికెళ్ళి ఇద్దరు పిల్లల్ని సాకుతున్న ఒకావిడది. జరిమానా కట్టడానికి డబ్బుల్లేక, అడగడానికి నోరు రాక ఆమె ఇంట్లోనే ఉండిపోయింది. దండోరా వేశారు, జనం చేరారు. పంచాయతీ గుమాస్తా పాట మొదలుపెడితే ఒక్కరూ నోరు విప్పలేదు. పక్క ఊరి నుంచి వచ్చిన ఒక బేరగాడు మొదలుపెట్టబోతే పెదనాన్న అతని భుజం మీద చెయ్యేసి, "ఊరివాడి సొత్తు ఊరివాడు పాడడు. మీరూ పాడకండి, మర్యాదగా ఉంటుంది" అన్నాడు. చివరికి జరిమానా మొత్తానికి పెదనాన్నే పాడాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. పలుపు పట్టుకుని నేరుగా ఆమె గుమ్మానికి తీసుకెళ్ళి కట్టేసి వచ్చాడు. ఆ డబ్బు ఆమె మినుము పీకుళ్ళప్పుడు కూలి కింద చెల్లేసింది. వద్దంటే వినలేదు.

పంచాయతీ రాబడి పోయిందని గొణిగినవాళ్ళున్నారు. జరిమానా మొత్తం వచ్చింది, మిగులు ఎలాగూ యజమానికే చెందుతుంది కాబట్టి లెక్క ప్రకారం ఆ మాట నిలవదు. నాకు పెదనాన్న చేసిందే న్యాయంగా తోచింది, ఇప్పటికీ అంతే.

తర్వాత రోజులు త్వరగా మారాయి. అరక తోలే మనిషి దొరకడం కష్టమైంది. కాలవకు నీళ్ళు వదిలాక అందరికీ ఒకేసారి దమ్ము కావాలి, అద్దె ట్రాక్టరు కోసం వంతు కాసేసరికి నారు ముదిరిపోయేది. 1993లో నాన్న, పెదనాన్న కలిసి పాత ట్రాక్టరు కొందామనుకున్నారు. దుగ్గిరాల మీదుగా వెళ్ళి, ప్రకాశం బ్యారేజీ దాటి విజయవాడ ఆటోనగర్‌కు. తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్ళారు, నన్నూ తీసుకెళ్ళారు. లారీల బాడీలు కొట్టే సుత్తి దెబ్బలు, వెల్డింగు వెలుగు, వీధి పొడవునా విప్పేసిన ఇంజన్లు. పేట సంతలో ఎడ్ల మధ్య నడిచినట్టే నాన్న ఆ బళ్ళ మధ్య చేతులు వెనక్కి కట్టుకుని నడిచాడు.

అక్కడ చూసిన ఎర్ర మాస్సీ 1035 ట్రాక్టరు దగ్గర ఆగాడు. ముందు చేసిన పని బానెట్ మీద అరచెయ్యి పెట్టడం. వెచ్చగా ఉంది. "మేమొస్తున్నామని ముందే స్టార్ట్ చేసి పెట్టారు, ఇది చల్లారాక చూస్తాం" అని భోజనానికి తీసుకెళ్ళిపోయాడు. తిరిగొచ్చి, చల్లటి ఇంజను ఎన్ని తిప్పుళ్ళకు అందుకుంటుందో చూశాడు. పొగ నీలంగా వస్తే ఆయిల్ మండిపోతున్నట్టని మెకానిక్ చెప్తుంటే శ్రద్ధగా విన్నాడు. ఆయిల్ పుల్ల తీయించి, ఆయిల్ పాలలా తెల్లబడిందేమో చూడమన్నాడు. అలా ఉంటే లోపల నీళ్ళు కలుస్తున్నట్టు. ముందు చక్రం పట్టుకుని ఊపి బుష్‌లు చూశారు. ఆ తర్వాత వెనక గొర్రు తగిలించి, లిఫ్టు పైకెత్తి, ఇంజను ఆపమన్నాడు. గొర్రు కింద ఒక ఇటుక నిలబెట్టించి, అందరం టీకి వెళ్ళాం. వచ్చి చూస్తే గొర్రు దిగి ఇటుక మీద ఆనుకుని ఉంది. హైడ్రాలిక్ పట్టు లేదు. ఆ ఇటుక చూపించే బేరం తగ్గించాడు. ఫైనాన్స్ తీరినట్టు ఫారం 35 చేతికి వచ్చాకే పెదనాన్న సంచి విప్పాడు. ట్రాక్టరుకూ, దాని వెనక తగిలించే ట్రక్కుకూ వేరు వేరు రిజిస్ట్రేషన్ ఉంటుంది, రెండూ చూసుకోవాలని అక్కడే తెలుసుకున్నాం.

ట్రాక్టరొచ్చాక కూడా ఎడ్లను ఉంచాలనే అనుకున్నాం. వాటిని పంపించింది ట్రాక్టరు కాదు, కోత మిషన్. ఈ మాట నేను గట్టిగా చెప్తాను. మనుషులు కోసి, కుప్పలేసి, నూర్చినంతకాలం ప్రతి ఇంటికీ గడ్డివాము ఉండేది. మిషన్ కోత మొదలయ్యాక గడ్డి ముక్కలై, చక్రాల కింద నలిగి చేలోనే పోయింది. బురద మీద మిషన్ తిరిగితే వరిలో చల్లిన మినుము మొలక కూడా పోయేది. అందుకే మా పక్క రైతులు వరి తర్వాత దున్నకుండానే మొక్కజొన్న వేయడం నేర్చారు. వాము లేని ఇంట్లో జత ఎడ్లకు ఏడాది పొడవునా ఏం పెడతాం? గేదెల్ని పాల కోసం ఎలాగో సాకారు, పాలకేంద్రం డబ్బు కళ్ళముందు కనపడేది కాబట్టి. ఎడ్లే ముందు వెళ్ళిపోయాయి.

మా ఆఖరి జతను ఇంటి దగ్గరే అమ్మారు. అమ్మ వాటి నుదుట పసుపు, కుంకుమ పెట్టి, నానబెట్టిన బియ్యంలో బెల్లం కలిపి తినిపించింది. కొనుక్కున్నాయన తన కొత్త పలుపులు తెచ్చుకున్నాడు. పశువును ఇస్తాం గానీ పలుపు ఇవ్వకూడదు, మా ఇంట్లో అది పద్ధతి. ఆ పలుపులు చాలా కాలం వసారాలో మేకుకే ఉన్నాయి. నాన్న ఆ రోజు పొలం నుంచి రాత్రికి గానీ రాలేదు.

2002, 2003ల్లో కృష్ణకు వరద సరిగా రాలేదు. కాలవ చివరి పొలాలకు నీళ్ళందలేదు. అప్పుచేసి ట్రాక్టర్లు కొన్నవాళ్ళకు కిస్తీలు ఆగిపోయాయి. మా ఊళ్ళో ఇద్దరి ట్రాక్టర్లు ఫైనాన్స్ వాళ్ళు పట్టుకుపోయారు. అందులో ఒకటి మా ఇంటి వెనక ఉండే బాబాయిది. రక్తసంబంధం లేదు, బాబాయి అని పిలవడమే. కొన్నాళ్ళకు గుంటూరు శివార్లలో ఒక యార్డులో వేలమని తెలిసింది.

నాన్నతో నేనూ వెళ్ళాను. ముందుగా డిపాజిట్ కట్టి టోకెన్ తీసుకోవాలి. ఎక్కడున్నది అక్కడ, ఎలా ఉన్నది అలా అన్న షరతు మీద అమ్మకం. ట్రాక్టర్లన్నీ వరసగా నిలబెట్టి, ఒక్కోదానికి సున్నంతో నంబరు వేశారు. ఒకదాని బానెట్ మీద దసరాకు పెట్టిన పసుపుబొట్లు అలాగే ఉన్నాయి. ఇంకోదాని మడ్‌గార్డు మీద ఇద్దరు పిల్లల పేర్లు. బాబాయి ట్రాక్టరు సీటు కింద పెట్టెలో ఒక పానా, చమురు గుడ్డ, ఎరువుల కొట్టు చీటీ. చీటీ మీద బాబాయి పేరు చదివి నాన్న దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. స్టార్ట్ చేయనివ్వరు, కదిలించనివ్వరు. చూసుకోవడమే.

మా ఊరివాళ్ళు కొందరు వచ్చారు గానీ పాడకూడదని ముందే అనుకున్నారు. పాత మాటే, ఊరివాడి సొత్తు ఊరివాడు పాడడు. అప్పుడు నాన్న వాళ్ళను పక్కకు పిలిచి చెప్పింది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"బందెలదొడ్డి వేరు, ఇది వేరు. ఇక్కడ మనం పాడకపోతే ధర పడిపోతుంది. పడిపోతే వాడి అప్పు తీరదు. బండి పోతుంది, మిగిలిన బాకీకి మళ్ళీ నోటీసొస్తుంది. కాబట్టి పాడాలి. పాడి బండి వాడికే ఇవ్వగలిగితే ఇద్దాం, లేదంటే సరైన ధర వచ్చేదాకా పాడి వదిలేద్దాం."

పాతికేళ్ళు పాటించిన కట్టుబాటును ఆయన అక్కడికక్కడ తిరగేశాడు. ఎవరో, "మన మీదే ఆగిపోతే?" అని అడిగారు. "ఆగితే అందరం మోద్దాం" అన్నాడు. బయటి డీలర్లు నలుగురైదుగురు ఒకచోట నిలబడి, తమలో తాము కళ్ళతోనే మాట్లాడుకుంటున్నారు. వాళ్ళలో వాళ్ళకు పోటీ లేదు. తక్కువకే కొట్టుకుపోయేవాళ్ళు. బాబాయి ట్రాక్టరు పాటకు రాగానే నాన్న గొంతెత్తాడు. సంతలో తుండుగుడ్డ కింద తప్ప ధర చెప్పని మనిషి, అంతమందిలో అలా అరిచి పాడటం నేను అదే చూడటం. డీలర్లు కాసేపు పెంచారు, ఆ తర్వాత తలలు తిప్పుకున్నారు. బండి మా మీదే ఆగింది. నలుగురి డబ్బు, మా ఇంట్లో ధాన్యం డబ్బు కలిపి కట్టాం. బాబాయి మూడు పంటల్లో తీర్చాడు.

రెండో ట్రాక్టరు విషయంలో అంత బలం మిగల్లేదు. సరైన ధరకు దగ్గరగా తీసుకొచ్చి వదిలేశాం, ఎవరో బయటి డీలరుకు పోయింది. దాని యజమాని ఆ తర్వాత ఊళ్ళో ఉండలేదు, కుటుంబంతో హైదరాబాదు వెళ్ళిపోయాడు. దాని గురించి నాన్న దగ్గర ఇప్పటికీ ఎవరం మాట్లాడం.

వేలాలన్నీ ఇలాంటివే కావు. గుంటూరు పక్కన లాం ఫారంలో మిగులు పశువులను వేలం వేస్తున్నారంటే నాన్నకు పండగే. కొనడానికి కాదు, చూడటానికి. ఒంగోలు జాతిని పెంచి కాపాడే సర్కారు పరిశోధన కేంద్రం అది. తెల్లగా మెరిసే కోడెదూడలు, చెవికి నంబర్లు, తల్లి ఏది, తండ్రి ఏది అన్న లెక్కలు. సంతలో బేరగాడి నోటి మాట మీద ఆధారపడిన మనిషికి అవి కాగితం మీద కనపడితే ఎంత ముచ్చటో! మన ఒంగోలు పశువులే బ్రెజిల్ వెళ్ళి నెలోర్ పేరుతో ఆ దేశంలో మాంసం పశువుల్లో ప్రధానమైన జాతి అయ్యాయని అక్కడి డాక్టరుగారొకరు చెప్తే, నాన్న మొదట సంతోషించి, తర్వాత, "మాంసానికా?" అని అడిగి ఊరుకున్నాడు.

ఇప్పుడు ఊళ్ళో ఎడ్లంటే పందెం ఎడ్లే. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు పెట్టి బండ లాగించే పోటీలు సంక్రాంతికీ, తిరునాళ్ళకూ జోరుగా జరుగుతున్నాయి. కోటప్పకొండకు ఎడ్లబళ్ళు కట్టుకుని వెళ్ళిన మేం, ఇప్పుడు ప్రభల వెంట ట్రాక్టర్లను చూస్తున్నాం. పందేల కుర్రాళ్ళు కోడె పళ్ళ ఫొటో తీసి ఫోన్లో పంపితే నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తాడు. ఎనభై దాటాయి, ఐనా ఆ చూపు తగ్గలేదు. ఫొటోలో నడక కనపడదని మాత్రం కోప్పడతాడు.

పట్టుకెళ్ళిన ట్రాక్టర్ల వేలం కూడా ఇప్పుడు ఫోన్లోకి వచ్చింది. పక్కన ఎవరున్నారో, ఎవరు పెంచుతున్నారో తెలియదు. భుజం మీద చెయ్యేసి ఆపడానికి మనిషి కనపడడు. ఈ పద్ధతిలో మా ఊరి కట్టుబాట్లు నడవవని నేను అనుకున్నాను. పోయినేడు మా వీధిలో ఇంకొకరి ట్రాక్టరు అలాగే వేలానికి వచ్చింది. బాబాయి కొడుకు నలుగురు కుర్రాళ్ళను పోగేసి, డబ్బు జమచేసి, రాత్రి పొద్దుపోయేదాకా ఫోను ముందు కూర్చుని పాడి, బండి తెచ్చి దాని యజమానికే ఇచ్చాడు. కాగితాలు మార్పించడానికి ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరిగినవాడూ వాడే. ఈ సార్వాలో ఆ ట్రాక్టరే మా చేలో దమ్ము చేసింది. అద్దె అందరికీ తీసుకున్నంతే తీసుకున్నాడు, నాన్న అలాగే తీసుకోమన్నాడు.